డేవిడ్ వీలర్

డేవిడ్ జాన్ వీలర్ (ఫిబ్రవరి 9, 1927 – డిసెంబరు 13, 2004) ఇంగ్లాండుకు చెందిన కంప్యూటరు శాస్త్రవేత్త, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ప్రోగ్రాములో ఒకచోట వ్రాసిన ఆదేశాల సముదాయాన్ని అవసరమైనప్పుడల్లా వేరే చోట్ల నుండి పిలిచి, పని ముగియగానే పిలిచిన చోటికే తిరిగి వచ్చే పద్ధతిని 1949లో ఎడ్సాక్ అనే కంప్యూటరుపై ఆచరణలో పెట్టిన వ్యక్తిగా ఇతడు ప్రసిద్ధుడు. ఆనాడు సబ్‌రొటీన్ అని పిలువబడిన ఈ సముదాయమే నేడు ఫంక్షన్ అని వ్యవహరింపబడుతున్నది. కంప్యూటరు శాస్త్రంలో ప్రపంచంలోనే మొట్టమొదటి డాక్టరేటు పట్టా పొందిన వ్యక్తిగా కూడా వీలర్‌ను పేర్కొంటారు.

ఫంక్షన్‌ను పిలవడానికి కంప్యూటరు కొంత కాలాన్ని, కొంత మెమరీని వెచ్చించవలసి ఉంటుంది. ఆ వ్యయం ఎంత, దానిని ఎవరు భరించాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు అన్న ప్రశ్నలు వీలర్ తొలి ప్రయోగంతోనే మొదలయ్యాయి. ఇతని తరువాతి యంత్రాలలోను, శిష్యుల కృషిలోను అవి కొనసాగాయి. నేటి ప్రాసెసర్ల నిర్మాణంలో కూడా అవే ప్రశ్నలు కనిపిస్తాయి.

బాల్యం, విద్యాభ్యాసం

వీలర్ బర్మింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. స్థానిక పాఠశాలలో చదువుకొని, 1938లో ఉపకారవేతనంతో కింగ్ ఎడ్వర్డ్ క్యాంప్ హిల్ గ్రామర్ పాఠశాలలో చేరాడు. రెండవ ప్రపంచ యుద్ధం వలన చదువుకు అంతరాయం కలిగింది. చివరి తరగతులు స్టోక్-ఆన్-ట్రెంట్ పట్టణంలోని హ్యాన్లీ హైస్కూలులో పూర్తి చేసాడు. 1945లో మరొక ఉపకారవేతనం లభించగా కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో గణితశాస్త్రం అభ్యసించి 1948లో పట్టభద్రుడయ్యాడు.

అదే సంవత్సరం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు గణిత ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా చేరాడు. ఆ ప్రయోగశాలకు అధిపతి మారిస్ విల్క్స్. అప్పటికి అక్కడ ఎడ్సాక్ నిర్మాణం జరుగుతున్నది. ఎడ్సాక్ కోసం ప్రోగ్రాములు వ్రాసే విధానమే వీలర్ పరిశోధనకు విషయమైనది. 1951లో ఇతనికి డాక్టరేటు లభించింది.

ఎడ్సాక్ కంప్యూటరు

ఎడ్సాక్ 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును విజయవంతంగా నడిపింది. 0 నుండి 99 వరకు ఉన్న సంఖ్యల వర్గాలను లెక్కించి అచ్చువేయడం ఆ ప్రోగ్రాము చేసిన పని. ఈ యంత్రంలో మెమరీ అంటే పాదరసం నింపిన పొడవాటి గొట్టాలు. వాటిలో ధ్వని తరంగాల రూపంలో సంఖ్యలు ప్రయాణిస్తూ ఉండేవి. మొదట్లో 512 స్థానాలు మాత్రమే ఉండేవి. ఒక్కొక్క స్థానంలో 17 బిట్లు వాడుకోవచ్చు. ఆదేశాలు, సంఖ్యలు రెండూ ఈ స్థానాలలోనే ఇమడాలి. ప్రోగ్రామును కాగితపు టేపుపై రంధ్రాలుగా పొడిచి యంత్రానికి అందించేవారు. సాధారణమైన ఒక ఆదేశం పూర్తి కావడానికి సుమారు 1.5 మిల్లీసెకండ్లు, గుణకారానికి సుమారు 6 మిల్లీసెకండ్లు పట్టేది.

టేపుపై ఉన్న ప్రోగ్రామును మెమరీలోనికి చేర్చడానికి కూడా ఒక చిన్న ప్రోగ్రాము అవసరం. దీనిని ప్రారంభ ఆదేశాలు అనేవారు. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడే స్విచ్చుల మీద దీనిని శాశ్వతంగా అమర్చారు. మొదటి రూపంలో 31 ఆదేశాలుండేవి. 1949లోనే వీలర్ దీనిని 41 ఆదేశాలతో తిరిగి రచించాడు. మనిషి అక్షరాలలో, దశాంశ పద్ధతిలో వ్రాసిన ఆదేశాలను ఇది యంత్రానికి తెలిసిన రూపంలోకి మార్చేది. ఒక సబ్‌రొటీన్ మెమరీలో ఏ స్థానంలో కూర్చున్నా అందులోని చిరునామాలను అందుకు తగినట్లు సవరించేది. నేటి అసెంబ్లరు, లోడరు అనే ప్రోగ్రాములు చేసే పనికి ఇది తొలి రూపం.

తిరుగు దారి సమస్య

ఒక లెక్కలో వర్గమూలం పది చోట్ల కావలసి వచ్చిందనుకుందాం. వర్గమూలం కట్టే ఆదేశాలను పది చోట్లా తిరిగి వ్రాయడం ఒక మార్గం. దీనిని తెరచిన సబ్‌రొటీన్ అనేవారు. ఇందులో కాలం వృథా కాదు కాని, 512 స్థానాల మెమరీ త్వరగా నిండిపోతుంది. ఒకేచోట వ్రాసి పది చోట్ల నుండి అక్కడికి వెళ్ళడం రెండవ మార్గం. దీనిని మూసిన సబ్‌రొటీన్ అనేవారు. దీనివలన మెమరీ ఆదా అవుతుంది.

రెండవ మార్గంలో ఒక చిక్కు ఉన్నది. సబ్‌రొటీన్ మొదలయ్యే చోటు ఒక్కటే కాబట్టి అక్కడికి వెళ్ళడం సులభం. కాని పని ముగిసిన తరువాత ఎక్కడికి తిరిగి వెళ్ళాలన్నది ప్రతి పిలుపుకూ మారుతుంది. ఎడ్సాక్‌లో తిరుగు చిరునామాను గుర్తుంచుకొనే ప్రత్యేక ఆదేశం లేదు. చిరునామాలను దాచుకొనే రిజిస్టర్లు కూడా లేవు. గణనలన్నీ అక్యుములేటర్ అనే ఒకే రిజిస్టరులో జరగాలి.

ఈ సమస్యను గుర్తించినవారిలో వీలర్ మొదటివాడు కాదు. అలన్ ట్యూరింగ్ 1946లో సమర్పించిన ఏస్ కంప్యూటరు నివేదికలో తిరుగు చిరునామాలను ఒకదానిపై ఒకటి పాతిపెట్టి, తిరిగి వెలికితీసే పద్ధతిని సూచించాడు. అమెరికాలో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ తమ నివేదికలలో సబ్‌రొటీన్లను ప్రోగ్రాములో కలిపే విధానాన్ని చర్చించారు. పనిచేస్తున్న యంత్రం మీద, దినదినం వాడుకొనే విధంగా ఈ ఏర్పాటును చేసి చూపినది వీలర్.

వీలర్ జంప్

వీలర్ కనుగొన్న ఉపాయానికి వీలర్ జంప్ అనే పేరు స్థిరపడింది. ఎడ్సాక్‌లో ఆదేశాలు కూడా సంఖ్యలే. కనుక ఒక ఆదేశాన్ని మరొక సంఖ్యతో కూడి కొత్త ఆదేశాన్ని తయారుచేయవచ్చు. ఈ చిన్న విషయంపైనే మొత్తం పద్ధతి ఆధారపడింది. అది ఈ విధంగా పనిచేస్తుంది:

1. పిలిచే ప్రోగ్రాములో ఒక స్థానంలో ఉన్న కూడిక ఆదేశం, తన స్థానంలో ఉన్నదానినే, అనగా తనను తానే, అక్యుములేటరులోనికి తెచ్చుకుంటుంది. దీనితో తన చిరునామా అక్యుములేటరులో చేరుతుంది.

2. కూడిక ఆదేశానికి సంకేతం ఏ అనే అక్షరం. దాని సంఖ్యారూపం 28. ఐదు బిట్లలో ఇది 11100. మొదటి బిట్ 1 కనుక యంత్రం దృష్టిలో ఇది ఋణసంఖ్య. తరువాతి ఆదేశం అక్యుములేటరు ఋణాత్మకమైతే సబ్‌రొటీన్‌కు దూకమని చెబుతుంది. కాబట్టి యంత్రం తప్పక దూకుతుంది.

3. సబ్‌రొటీన్‌లోని మొదటి ఆదేశం అక్యుములేటరుకు ఒక స్థిరసంఖ్యను కూడుతుంది. ఆ స్థిరసంఖ్యలోని అక్షరం యు, దాని విలువ 7. చిరునామా భాగం 2. 28, 7 కలిపితే 35. ఐదు బిట్లలో 32 దాటినది పోగా 3 మిగులుతుంది. 3 అంటే ఇ అనే అక్షరం, అది మరొక దూకుడు ఆదేశం. చిరునామాకు 2 కలిసింది కనుక పిలిచిన ఆదేశాల జంటను దాటి తరువాతి స్థానానికి వెళ్ళే తిరుగు ఆదేశం సిద్ధమవుతుంది.

4. సబ్‌రొటీన్‌లోని రెండవ ఆదేశం ఈ తిరుగు ఆదేశాన్ని తీసుకొనిపోయి సబ్‌రొటీన్ చివరి స్థానంలో నాటి, అక్యుములేటరును సున్న చేస్తుంది. పని అంతా ముగిసాక యంత్రం ఆ చివరి స్థానానికి చేరి, అక్కడి ఆదేశం ప్రకారం పిలిచిన చోటికి తిరిగి వెళుతుంది.

కొత్త పరికరమేదీ అవసరం లేకుండా, ఉన్న ఆదేశాలతోనే ఈ పని నెరవేరింది. పిలిచే ప్రోగ్రాము వ్రాసేవారు రెండు ఆదేశాలు వ్రాస్తే చాలు. సబ్‌రొటీన్ లోపల ఏమున్నదో వారికి తెలియనవసరం లేదు.

పిలుపుకు అయిన వ్యయం

వీలర్ జంప్‌లో పిలిచేవైపు రెండు, సబ్‌రొటీన్ మొదట్లో రెండు, చివర ఒకటి, మొత్తం ఐదు ఆదేశాలు కేవలం వెళ్ళిరావడానికే ఖర్చవుతాయి. ఆదేశానికి 1.5 మిల్లీసెకండ్ల చొప్పున ఇది సుమారు 7.5 మిల్లీసెకండ్లు. అంటే ఒక గుణకారానికి పట్టే కాలం కన్నా ఎక్కువ. వందల ఆదేశాలు గల వర్గమూలానికి ఈ అదనపు భారం లెక్కలోనికి రాదు. రెండు మూడు ఆదేశాల చిన్న పనికి మాత్రం వెళ్ళిరావడమే అసలు పనికన్నా బరువవుతుంది.

అందువలన ఎడ్సాక్‌లో రెండు పద్ధతులనూ ఉంచారు. పెద్ద పనులకు మూసినవి, చాలా చిన్న పనులకు తెరచినవి ఉపయోగించారు. అరుదైన మెమరీని ఆదా చేయడం కోసం కాలాన్ని కొంత వెచ్చించడం ఆనాటి బేరం. దానికి మించిన లాభం మరొకటి ఉన్నది. ఒకసారి సరిచూసిన సబ్‌రొటీన్‌ను ఎందరైనా నిశ్చింతగా వాడుకోవచ్చు. యంత్రం కొన్ని మిల్లీసెకండ్లు నష్టపోయినా, తప్పులు వెదకడంలో మనిషికి గంటలు, దినాలు కలిసివచ్చేవి.

సబ్‌రొటీన్ల గ్రంథాలయం

ఎడ్సాక్ సబ్‌రొటీన్లను కాగితపు టేపులపై పొడిచి ప్రయోగశాలలో భద్రపరిచేవారు. కావలసినవారు టేపు తీసుకొని, తమ ప్రోగ్రాము టేపులో దాని నకలు చేర్చుకొనేవారు. 1951 నాటికి ఈ గ్రంథాలయంలో 87 సబ్‌రొటీన్లు చేరాయి. త్రికోణమితి ప్రమేయాలు, వర్గమూలాలు, అవకలన సమీకరణాలు, అచ్చువేసే పద్ధతులు, తప్పులు పట్టుకొనే సహాయకాలు వీటిలో ఉన్నాయి. జాన్ కెండ్రూ మయోగ్లోబిన్ అనే ప్రోటీను నిర్మాణాన్ని కనుగొనే కృషిలో ఎడ్సాక్‌ను ఉపయోగించాడు. ఆ కృషికి 1962లో అతనికి నోబెల్ బహుమతి లభించింది.

1951లో విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి ఎడ్సాక్ ప్రోగ్రాముల రచనపై ఒక పుస్తకం ప్రచురించారు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయడం గురించి వెలువడిన మొదటి పుస్తకంగా దీనిని భావిస్తారు. ఇతర దేశాలలో కంప్యూటర్లు నిర్మిస్తున్నవారికి సబ్‌రొటీన్ పద్ధతి ఈ పుస్తకం ద్వారా పరిచయమైనది.

1952లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన కంప్యూటరు శాస్త్రవేత్తల సమావేశంలో సబ్‌రొటీన్ల వినియోగంపై వీలర్ రెండు పుటల పత్రం సమర్పించాడు. సబ్‌రొటీన్ వాడుకకు సులభంగా ఉండాలని, తప్పులు లేకుండా ఉండాలని, దాని వివరణ ఖచ్చితంగా ఉండాలని, చిక్కులన్నీ లోపలే దాగి ఉండాలని అందులో ప్రతిపాదించాడు. సబ్‌రొటీన్ వ్రాయడం కన్నా, లోపలి సంగతి తెలియనివారు కూడా వాడుకొనేలా దానిని వివరించడమే కష్టమైన పని కావచ్చునని హెచ్చరించాడు.

పద్ధతిలోని లోపం, స్టాక్ రాక

వీలర్ జంప్ తిరుగు ఆదేశాన్ని సబ్‌రొటీన్ చివర ఒకే ఒక్క స్థానంలో నాటుతుంది. ఒక సబ్‌రొటీన్ పని ముగియకముందే తనను తాను మళ్ళీ పిలుచుకుంటే, మొదట నాటిన ఆదేశం చెరిగిపోయి తిరిగి వెళ్ళే దారి పోతుంది. కనుక స్వీయ పిలుపు దీనిలో నేరుగా సాధ్యం కాదు. 1965లో వచ్చిన పీడీపీ-8 అనే చిన్న కంప్యూటరులో పిలుపుకు ప్రత్యేక ఆదేశమున్నా, తిరుగు చిరునామాను సబ్‌రొటీన్ మొదటి స్థానంలోనే వ్రాసేవారు. అందులోనూ ఇదే ఇబ్బంది ఉండేది.

దీనికి పరిష్కారం స్టాక్, అనగా దొంతర. విందులో విస్తళ్ళ దొంతర వలె చివర పెట్టినది ముందు తీస్తారు. ప్రతి పిలుపుకూ తిరుగు చిరునామాను దొంతర పైన పెట్టి, తిరిగి వెళ్ళేటప్పుడు పైదానిని తీసుకుంటే ఎన్ని పిలుపులైనా ఒకదానిలో ఒకటి ఇముడుతాయి. ట్యూరింగ్ సూచించినది ఇటువంటిదే. జర్మనీలో బావర్, జామెల్సన్ 1957లో స్టాక్ భావనపై పేటెంటుకు దరఖాస్తు చేసారు. డచ్చి శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1960లో ఆల్గాల్ 60 భాషకు కంపైలరు వ్రాస్తూ స్వీయ పిలుపులకు దీనిని వినియోగించాడు.

తరువాతి యంత్రాలు

వీలర్ 1951 నుండి 1953 వరకు అమెరికాలోని ఇలినాయి విశ్వవిద్యాలయంలో బోధించాడు. అక్కడి ఇలియాక్ కంప్యూటరుకు ప్రోగ్రాములు వ్రాసే విధానాన్ని రూపొందించడంలో పాలుపంచుకున్నాడు. తరువాత కేంబ్రిడ్జికి తిరిగివచ్చి ఎడ్సాక్-2 నిర్మాణంలో పనిచేసాడు. ఇది 1958లో వాడుకలోనికి రాగా, అదే సంవత్సరం మొదటి ఎడ్సాక్‌ను ఆపివేసారు. 1960వ దశకంలో టైటాన్ కంప్యూటరు రూపకల్పనలో కూడా వీలర్ పాత్ర ఉన్నది.

1970లో మొదలైన క్యాప్ కంప్యూటరు పథకంలో వీలర్ యంత్ర నిర్మాణ బాధ్యత వహించాడు. రోజర్ నీడం, విల్క్స్ ఇతని సహచరులు. ఈ యంత్రంలో ఒక ప్రోగ్రాములోని ప్రతి భాగానికీ తనకు అవసరమైన మెమరీపై మాత్రమే అధికారముంటుంది. ఒక భాగం మరొకదానిని పిలిచినప్పుడు ఆ అధికారాలు కూడా మారాలి. అందుకు ప్రత్యేకమైన ప్రవేశ, నిష్క్రమణ ఆదేశాలను యంత్రంలోనే అమర్చారు. చిరునామాతో పాటు అధికారాలను కూడా మార్చవలసి రావడం వలన ఇటువంటి పిలుపు మామూలు పిలుపు కన్నా బరువైనది. పిలుపు వ్యయం అనే ప్రశ్నకు భద్రత అనే కొత్త కోణం ఇక్కడ చేరింది.

శిష్యులు

వీలర్ 1978లో ఆచార్యుడయ్యాడు. ఇతని పర్యవేక్షణలో డాక్టరేటు పొందినవారిలో రోజర్ నీడం, ఆండీ హాపర్, మైకేల్ బరోస్, డెన్మార్కుకు చెందిన బ్యార్నె స్ట్రౌస్ట్రప్ ఉన్నారు.

స్ట్రౌస్ట్రప్ తన పరిశోధనలో సిమ్యులా అనే భాషను వాడాడు. ఆలోచనను చక్కగా భాగాలు చేసుకొనే వీలు అందులో ఉన్నా, ప్రోగ్రాము నడక చాలా మందకొడిగా ఉండేది. చివరకు దానిని బీసీపీఎల్ భాషలో తిరిగి వ్రాయవలసి వచ్చింది. 1979లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చేరి, 1983లో సి++ అని పేరుపొందిన భాషకు రూపకల్పన ఆరంభించినప్పుడు ఈ అనుభవం ఉపకరించింది. దత్తాంశాలను తరగతి లోపల దాచి, చిన్న చిన్న ఫంక్షన్ల ద్వారా మాత్రమే అందుకోవాలంటే, ప్రతి చిన్న పనికీ పిలుపు వ్యయం పడుతుంది. ఆ వ్యయానికి భయపడి ప్రోగ్రామర్లు దాపరికాన్నే వదలివేసే ప్రమాదమున్నది. అందువలన తొలి సంవత్సరాలలోనే ఇన్‌లైన్ ఫంక్షన్లను ప్రవేశపెట్టాడు. వ్రాసేవారికి అది మూసిన సబ్‌రొటీన్, కంపైలరు దానిని తెరచిన సబ్‌రొటీన్‌గా మార్చుతుంది. ఎడ్సాక్ కాలంలో మనిషి ఎంచుకోవలసి వచ్చిన రెండు మార్గాలు ఈ విధంగా ఒకటయ్యాయి.

ఇతర కృషి

1970వ దశకంలో కంప్యూటర్లను కలిపే కేంబ్రిడ్జి రింగ్ అనే నెట్‌వర్కు రూపకల్పనలో వీలర్ పాల్గొన్నాడు. 1994లో నీడంతో కలిసి టీఈఏ అనే సంకేతీకరణ పద్ధతిని ప్రకటించాడు. కొద్ది వరుసలలో వ్రాయగలగడం దీని ప్రత్యేకత. అదే సంవత్సరం బరోస్‌తో కలిసి ప్రచురించిన బరోస్-వీలర్ పరివర్తన, పాఠాన్ని కుదించడానికి వీలుగా అక్షరాల వరుసను మార్చే పద్ధతి. బీజిప్2 అనే కుదింపు ప్రోగ్రాముకు ఇది ఆధారం. డీఎన్ఏ క్రమాలను పోల్చే ప్రోగ్రాములలో కూడా ఈ పద్ధతిని విస్తృతంగా ఉపయోగిస్తున్నారు.

వ్యక్తిగత జీవితం, గౌరవాలు

వీలర్ 1957లో జాయిస్ బ్లాక్లర్‌ను వివాహమాడాడు. ఆమె నక్షత్రాల నిర్మాణంపై తన పరిశోధనకు ఎడ్సాక్‌ను ఉపయోగించిన గణితజ్ఞురాలు. 1964లో స్థాపించబడిన డార్విన్ కళాశాల తొలి సభ్యులలో వీలర్ ఒకడు. 1981లో రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1985లో ఐట్రిపుల్ఈ కంప్యూటర్ సొసైటీ ఇతనికి కంప్యూటరు మార్గదర్శకుల పురస్కారం అందించింది. 1994లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా పరిశోధన కొనసాగించాడు. 2003లో అమెరికాలోని కంప్యూటరు చరిత్ర ప్రదర్శనశాల ఇతనిని గౌరవ సభ్యునిగా ఎన్నుకున్నది. 2004 డిసెంబరు 13న కేంబ్రిడ్జిలో గుండెపోటుతో మరణించాడు.

నేటి ప్రాసెసర్లలో ఫంక్షన్ పిలుపు

ఎడ్సాక్‌లో ఐదు ఆదేశాలతో జరిగిన పని నేడు రెండింటితో ముగుస్తుంది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో పిలుపు ఆదేశం తిరుగు చిరునామాను స్టాక్‌పై ఉంచి దూకుతుంది, మరలు ఆదేశం దానిని తీసుకొని వెనుకకు వస్తుంది. 1985లో కేంబ్రిడ్జి పట్టణంలోనే రూపొందిన ఆర్మ్ ప్రాసెసరులో తిరుగు చిరునామా మెమరీకి పోకుండా లింక్ రిజిస్టరు అనే రిజిస్టరులో ఉంటుంది. ఆ ఫంక్షన్ మరొకదానిని పిలువనంత వరకు మెమరీతో పనిలేదు.

ఆధునిక ప్రాసెసరు ఒక ఆదేశం పూర్తికాకముందే తరువాతి ఆదేశాలను తెచ్చుకొని ఒకేసారి అనేకం నిర్వహిస్తుంది. తిరిగి ఎక్కడికి వెళ్ళాలో తేలేవరకు వేచివుంటే ఈ వేగం వృథా అవుతుంది. అందుకని ప్రాసెసరు తన లోపలనే తిరుగు చిరునామాల చిన్న దొంతరను పెట్టుకొని, గమ్యాన్ని ముందుగానే ఊహిస్తుంది. చాలా ప్రాసెసర్లలో ఇందులో 16 నుండి 32 చిరునామాలు పడతాయి. ఊహ నిజమైతే పిలుపు, మరలింపు కలిపి కొద్ది క్లాక్ సైకిళ్ళలోనే ముగుస్తాయి. ఊహ తప్పితే అప్పటికే మొదలుపెట్టిన పనిని పారవేయాలి. దానికి సాధారణంగా 15 నుండి 20 సైకిళ్ళ నష్టం కలుగుతుంది. స్వీయ పిలుపుల లోతు దొంతర పరిమాణాన్ని మించినప్పుడు ఇటువంటి తప్పులు ఎదురవుతాయి.

దూకడం ఒక్కటే వ్యయం కాదు. పిలిచే ముందు విలువలను నిర్ణీత రిజిస్టర్లలో అమర్చాలి. పిలువబడిన ఫంక్షన్ చెరిపివేయగల రిజిస్టర్లలోని విలువలను ముందుగా స్టాక్‌పై దాచుకోవాలి. లైనక్సు వంటి వ్యవస్థలలో 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లపై మొదటి ఆరు పూర్ణాంక విలువలు రిజిస్టర్లలోను, మిగిలినవి స్టాక్ మీద వెళతాయి. ఏ ఫంక్షన్‌ను పిలవాలో నడిచేటప్పుడు మాత్రమే తెలిసే పరోక్ష పిలుపులో ప్రాసెసరు గమ్యాన్ని కూడా ఊహించాలి. కంప్యూటరు శాస్త్రంలో ఏ సమస్యనైనా మరొక అంచె పరోక్షతతో పరిష్కరించవచ్చని, కాని అది మరొక సమస్యను తెచ్చిపెడుతుందని వీలర్ అనేవాడని చెబుతారు. ఈ పిలుపు దానికి చక్కని ఉదాహరణ.

ఒక ఉదాహరణ లెక్క చూస్తే ఈ వ్యయం బరువు తెలుస్తుంది. ఒక చిన్న ఫంక్షన్‌ను 100 కోట్ల సార్లు పిలిచామని, ఒక్కొక్క పిలుపుకు 5 సైకిళ్ళు పట్టాయని అనుకుంటే, మొత్తం 500 కోట్ల సైకిళ్ళు. సెకండుకు 300 కోట్ల సైకిళ్ళు నడిచే ప్రాసెసరుపై ఇది సుమారు 1.7 సెకండ్లు. ఫంక్షన్ లోపలి పని ఒక్క కూడిక మాత్రమే అయితే ఈ సమయమంతా దాదాపు రాకపోకలకే పోయినట్లు. అదే ఫంక్షన్ వేల సైకిళ్ళ పని చేసేదైతే ఆ 5 సైకిళ్ళు లెక్కలోనికి రావు. వీలర్ కాలపు వర్గమూలానికి వర్తించిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది.

అందువలన నేటి కంపైలర్లు చిన్న ఫంక్షన్లను వాటంతట అవే పిలిచిన చోట విప్పి వ్రాస్తాయి. దీని ముఖ్య లాభం ఆ కొద్ది సైకిళ్ళ ఆదా కాదు. ఫంక్షన్ గోడ తొలగిపోవడం వలన రెండు వైపులా ఉన్న ఆదేశాలను కలిపి చూసి అనవసరమైనవాటిని తీసివేయగలగడమే పెద్ద లాభం. అతిగా విప్పితే ప్రోగ్రాము పెరిగి, ప్రాసెసరు దగ్గర ఆదేశాల కొరకు ఉన్న చిన్న వేగవంతమైన మెమరీలో పట్టదు. చాలా ప్రాసెసర్లలో దాని పరిమాణం 32 కిలోబైట్లు. 512 స్థానాలతో వీలర్ పడిన ఇబ్బంది ఈ రూపంలో తిరిగి కనిపిస్తుంది.

వీలర్ జంప్‌ను యథాతథంగా నేటి ప్రాసెసరుపై నడిపితే అది నత్తనడక నడుస్తుంది. నడుస్తున్న ప్రోగ్రాము తన ఆదేశాన్ని తానే మార్చితే, ముందుగా తెచ్చుకున్న ఆదేశాలన్నీ పారవేయవలసి వస్తుంది. భద్రత దృష్ట్యా నేటి వ్యవస్థలు ఇటువంటి మార్పును సాధారణంగా అనుమతించవు కూడా. స్టాక్‌లోని తిరుగు చిరునామాను చెరిపి యంత్రాన్ని దారి మళ్ళించే దాడులు 1988 నాటి మోరిస్ వార్మ్ నుండి ప్రసిద్ధం. దీనికి విరుగుడుగా తిరుగు చిరునామాకు రెండవ ప్రతిని వేరుగా దాచే నీడ స్టాక్‌తో 2020 నుండి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు వెలువడ్డాయి. 2018 జనవరిలో బయటపడిన స్పెక్టర్, 2022లో బయటపడిన రెట్‌బ్లీడ్ లోపాలు ప్రాసెసరు ఊహలనే ఆయుధంగా చేసుకోవచ్చునని నిరూపించాయి. వాటిని అడ్డుకొనేందుకు కొన్ని పిలుపులలో ఊహను మానుకోవలసి రావడంతో, పోయిందనుకున్న వ్యయం కొంత తిరిగి వచ్చింది.

హైదరాబాదు తూర్పు భాగంలో ఈ చరిత్రకు దగ్గరైన ఒక స్థలమున్నది. అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో నెలకొన్న ఈసీఐఎల్ సంస్థ 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును వెలువరించింది. నేడు ఉప్పల్ నుండి అన్నోజిగూడ మీదుగా ఘట్‌కేసర్ వరకు వరంగల్ రహదారి పొడవునా ఇంజనీరింగ్ కళాశాలలు, సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు ఉన్నాయి. అక్కడ సి++ నేర్చుకొనే విద్యార్థి తన ప్రోగ్రామును చిన్న ఫంక్షన్లుగా విడగొట్టినప్పుడు ఎదురయ్యే సందేహం వీలర్‌కు 1949లో ఎదురైనదే. ముందుగా చదవడానికి, సరిచూడడానికి అనువుగా విడగొట్టి వ్రాయడం, కొలిచి చూసిన తరువాత అవసరమైన చోట మాత్రమే పిలుపును తొలగించడం నేడు ఎక్కువమంది అనుసరించే పద్ధతి. తెరచిన, మూసిన సబ్‌రొటీన్లు రెండింటినీ పక్కపక్కన ఉంచుకున్న ఎడ్సాక్ గ్రంథాలయం అనుసరించినది కూడా ఈ పద్ధతినే.